పదిహేడు చిల్లుల టికెట్టు

సముద్రం చూడ్డానికి వెళ్లాలని ఆ ఇంట్లో అనుకోవడం ఇది మూడోసారి. మొదటిసారి అత్తగారి పాదాలు కాస్త వాచినట్టు కనబడ్డాయని కోడలు ప్రయాణం ఆపేసింది. రెండోసారి సంచులు గుమ్మం దాకా వచ్చాక, ఆవిడ రెండుసార్లు దగ్గిందని ఆపేసింది. "అది దగ్గు కాదే తల్లీ, బిస్కెట్టు పొడి గొంతులో అడ్డం పడింది" అని అత్తగారు మొత్తుకున్నా వినలేదు. సంచులు వచ్చిన దారినే లోపలికి వెళ్లిపోయాయి. అప్పటికి నాలుగేళ్ల మనవరాలు ఈత టోపీ పెట్టుకుని, నీళ్లులేని బక్కెట్లో కూర్చుని రెండు రోజులు ఏడ్చింది.

'పాపం, ఆ పెద్దావిడ వల్ల వీళ్లకి కాలు కదపడానికి లేదు' అన్న మాట వీధిలో పుట్టి, మెట్లెక్కి, తిరిగి తిరిగి ఆ పెద్దావిడ చెవినే పడింది.

ఆవిడ అలాంటి ఇలాంటి మనిషి కాదు. ఇరవై ఎనిమిదేళ్లు నాలుగో నంబరు బస్సులో కండక్టరుగా చేసింది. మార్కెట్టు నుంచి ఫ్యాక్టరీ గేటుకి, ఫ్యాక్టరీ గేటు నుంచి మార్కెట్టుకి, రోజుకు ఎనిమిది ట్రిప్పులు. అంతసేపూ నిలబడే. రిటైరై మూడేళ్లయినా వీధి వీధంతా ఆవిణ్ణి కండక్టరమ్మ అనే పిలుస్తుంది. ఆవిడా ఉద్యోగం మానిందే గానీ అలవాటు మానలేదు. వంటింట్లో ఇద్దరు ఎదురైతే "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటుంది. బాత్రూం దగ్గర "దిగేవాళ్లని దిగనివ్వండి ముందు" అంటుంది. మోకాళ్లు మాత్రం ఆ ఇరవై ఎనిమిదేళ్ల నిలువుకాళ్ల కొలువు మరిచిపోకుండా, కూర్చున్నా లేచినా ఓ మాట గుర్తుచేస్తూ ఉంటాయి.

ఇక కోడలు. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న మంచం పట్టడంతో బడి ఆగిపోయింది. చదువు ఆగింది గానీ ఆలోచన ఆగలేదు. ఏ పని మొదలుపెట్టినా అందులో ఎన్ని రకాలుగా కొంప మునగొచ్చో ఆ పిల్ల చిటికెలో చెప్పేయగలదు. ఈసారి ప్రయాణానికి కూతురి పాత నోటుబుక్కులో జాబితా రాసింది. ఒకటి, అత్తయ్య మాత్రలు. రెండు, ఆ మాత్రలు పోతే వేసుకోడానికి ఇంకో జత మాత్రలు. మూడు, రెండు జతలూ పోతే చూపించడానికి డాక్టరు చీటీ. నాలుగు, ఆ చీటీ తడిసిపోకుండా కవరు. అలా నలభై ఒకటి దాకా వెళ్లింది. నలభై ఒకటో నంబరు దగ్గర 'ఈ జాబితా మర్చిపోకూడదు' అని రాసుకుంది.

భర్త కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. షాపుకి రంగులు వేసే నాలుగు రోజులే అతనికి ఏడాదికి వరసగా దొరికే సెలవు. గురువారం పొద్దున్న బస్సు. సముద్రం ఒడ్డున కింది అంతస్తులో గది మాట్లాడాడు. "ఆదివారం సాయంత్రంలోగా వస్తున్నారో లేదో ఖాయం చెయ్యండి, ఇంకొకళ్లు అడుగుతున్నారు" అన్నాడు గది ఆసామి.

శుక్రవారం సాయంత్రం కోడలు జాబితా పట్టుకుని అత్తగారి మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తయ్యా, ఆరున్నర గంటల ప్రయాణం. మధ్యలో ఒక్కచోటే ఆపుతాడట."

"ఆపనీ."

"అంతసేపు కూర్చోగలరా అని..."

"ఇరవై ఎనిమిదేళ్లు నిలబడ్డదాన్ని. ఆరున్నర గంటలు కూర్చోలేనా?"

"నిలబడ్డం వేరు, కూర్చోడం వేరు కదండీ. మోకాళ్లు పట్టేస్తే? అక్కడ మనకి తెలిసిన డాక్టరు కూడా లేడు. పోనీ, వచ్చే ఏడు..."

కండక్టరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే బస్సులో అప్పట్లో తాగుబోతులు కూడా సర్దుకుని కూర్చునేవారట.

"వచ్చే ఏడు, ఆ వచ్చే ఏడు అంటూ నా మోకాళ్లకి వీధంతా పేరు తెచ్చిపెట్టావు. ఇక అటో ఇటో తేలిపోవాలి. ఆదివారం పొద్దున్న ఆరింటికి బస్సెక్కుదాం."

"ఏ బస్సు?"

"మన హాల్లో బస్సు. కుర్చీలు వేద్దాం. ఆరున్నర గంటలు కూర్చుందాం. మధ్యలో ఒక్కసారి ఆగుదాం. నేను కూర్చోలేకపోతే నీ నోటితో నువ్వే ఆ గదివాడికి రావట్లేదని చెప్పు. కూర్చున్నానా, ఇక నా కాళ్ల ఊసు ఎత్తకూడదు. సరేనా?"

కోడలికి ఇది న్యాయంగానే తోచింది. పైగా ఇంట్లోనే కాబట్టి అత్తగారికి ఏమైనా అయితే తెలిసిన డాక్టరు వీధి చివరే ఉన్నాడు.

"ఒక్కటి," అంది అత్తగారు. "బస్సన్నాక అందరూ ఎక్కాలి. నేనొక్కదాన్నీ కూర్చుంటే దాన్ని బస్సనరు, ఆసుపత్రి అంటారు."

ఆదివారం పొద్దున్నకల్లా హాలు బస్సైపోయింది. రెండేసి చొప్పున నాలుగు కుర్చీలు, కిటికీ వైపుకి వేశారు. బట్టలు ఆరేసే తాడు నడినెత్తిమీద అడ్డంగా ఉంది, అది పట్టుకునే కడ్డీ. మనవరాలు బుల్లి, ఐదేళ్లు నిండిన మనిషి, పాత క్యాలెండరు వెనక కత్తిరించి నాలుగు టికెట్లు చేసింది. కండక్టరమ్మ తన ట్రంకుపెట్టెలోంచి టికెట్టుకి చిల్లు కొట్టే పంచ్ తీసి తుడిచి, మనవరాలి చేతికిచ్చింది.

"ఎక్కినవాళ్లకి ఒక చిల్లు. మధ్యలో దిగి మళ్లీ ఎక్కితే ఇంకో చిల్లు. నాన్నయినా సరే, అమ్మయినా సరే, మొహమాటం లేదు."

"నీకు కూడానా నానమ్మా?"

"నాకు ముందు."

బుల్లి నాలుగు చిల్లులు కొట్టి, "రైట్ రైట్!" అని అరిచింది. గోడగడియారం ఆరు కొట్టింది. బస్సు కదిలింది. అంటే, ఏమీ కదల్లేదు.

మొదటి పావుగంట కోడలు అత్తగారి పాదాలమీంచి చూపు తిప్పలేదు. ఆవిడ ఇబ్బంది పడుతున్న మాట నిజమే. కాకపోతే ఆ ఇబ్బంది మోకాళ్లది కాదు. కూర్చోవడం ఆవిడకి చేతకావడం లేదు. కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి తాడు కోసం వెతుకుతోంది. ఆవిడ ఎడమచేత్తో దాన్ని కిందికి లాక్కుని ఒళ్లో పెట్టుకుంటోంది. కాసేపటికి అది మళ్లీ లేస్తోంది.

భర్త మాత్రం నికార్సయిన ప్యాసింజరు. బస్సు కదిలిన ఐదు నిమిషాలకే కిటికీ చువ్వలకి తల ఆనించి గుర్రు పెట్టడం మొదలెట్టాడు.

ఆరూ ఇరవైకి కోడలు లేచింది.

"స్టాపు లేదమ్మా ఇక్కడ," అంది అత్తగారు.

"గ్యాస్ కట్టేశానో లేదో చూసొస్తా. ఒక్క నిమిషం."

కట్టేసే ఉంది. వచ్చి కూర్చుంది. టక్కుమని చిల్లు పడింది. ఆరూ నలభైకి పెరటి కుళాయి బొట్లు బొట్లుగా కారుతున్నట్టు వినబడింది. టక్కు. ఏడింటికి, ఇందాక కుళాయి చూసి వచ్చేటప్పుడు గ్యాస్ కూడా ఇంకోసారి చూడాల్సింది అనిపించింది. టక్కు. ఏడుంపావుకి, ఇంతసేపూ అందరూ హాల్లోనే ఉంటే వెనక తలుపు సంగతేమిటని గుర్తొచ్చింది. టక్కు. బుల్లికి చలేస్తుందేమోనని స్వెట్టరు తేవడానికి ఒక చిల్లు, బుల్లికి ఉక్కపోస్తుందేమోనని ఆ స్వెట్టరు లోపల పెట్టి రావడానికి ఇంకో చిల్లు.

"అమ్మా, సముద్రం ఎప్పుడొస్తుంది?" అంది బుల్లి, చెయ్యి నొప్పెట్టి పంచ్ రెండో చేతికి మార్చుకుంటూ.

ఎనిమిదింటికి ఎదురింటి ఎలక్ట్రీషియన్ అరువు తీసుకున్న నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చి, గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

"ఏమిటండీ ఇది?"

"గుమ్మంలో వేలాడకు. ఎక్కితే ఎక్కు, లేకపోతే దారి వదులు," అంది కండక్టరమ్మ. "ఆ లగేజీ పక్కన పెట్టు."

అతను నిచ్చెన గోడకి చేర్చి, తాడు పట్టుకుని నిలబడ్డాడు. బుల్లి క్యాలెండరు ముక్క ఒకటి అతని జేబులో దూర్చింది. సంగతంతా విన్నాక కోడలి వైపు జాలిగా చూశాడు.

"మంచిపనే చేశారమ్మా. పాపం ఈవిడ మోకాళ్లు..."

అతని మాట పూర్తి కాకుండానే కోడలు లేచి లోపలికి పరిగెత్తింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు చూసి వచ్చింది. టక్కు. కూర్చుంది. మళ్లీ లేచింది. ప్లగ్గు తీసి ఉంది కానీ స్విచ్చి ఆపిందో లేదో. టక్కు.

ఎలక్ట్రీషియన్ కాసేపు చూసి అన్నాడు. "ఏమ్మా, నువ్వు బస్సులో ఉన్నావా, బస్సు వెనకాల పరిగెడుతున్నావా?"

కోడలి మొహం ఎర్రబడింది. కండక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ స్టాపు వచ్చింది, దిగు," అంది అతనితో. దిగేటప్పుడు అతను చెప్పులు తిరగేసి వేసుకున్నాడు, ఆ కంగారులో.

తొమ్మిదింపావుకి హాల్టు. వంటిల్లే హోటలు. భర్త లేచి కళ్లు నులుముకుని "ఏ ఊరొచ్చింది?" అని అడిగి, అందరికీ టీ పెట్టాడు. బ్రెడ్డూ ఉడకబెట్టిన గుడ్లూ తిన్నారు. కండక్టరమ్మ హాలు చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేసి, మడమలు నేలకేసి తాటించి, ఇరవై నిమిషాలు కాగానే అందరికంటే ముందు వచ్చి తన సీట్లో కూర్చుంది. అందరికీ తలో చిల్లు పడింది.

హాల్టు తర్వాత ఆవిడ కుదురుకుంది. కుడిచెయ్యి పోరు మానింది. అరగంటకోసారి మడమలు పైకీ కిందికీ ఆడిస్తూ, మధ్యమధ్య చిన్న కునుకు తీస్తూ, కునుకులో కూడా "చిల్లర తీసి పెట్టుకోండి" అని గొణుగుతూ, హాయిగా సాగిపోయింది. అది చూసి కోడలు సంతోషించాలి. ఎందుకో సంతోషం రాలేదు. అత్తగారు కూర్చోగలిగితే గురువారం నిజంగానే వెళ్లాలి. ఆ ఆలోచన రాగానే గ్యాస్ గుర్తొచ్చింది. ఇందాక టీ పెట్టింది భర్త. అతను కట్టాడో లేదో.

టక్కు.

ఆ తర్వాత ఇంకో ఆరుసార్లు టక్కుమంది. పన్నెండున్నర. "సముద్రం! సముద్రం! దిగండి!" అని బుల్లి కుర్చీ ఎక్కి గెంతింది. కండక్టరమ్మ తాడు పట్టుకుని లేచి నిలబడింది. మోకాళ్లు టపటపమన్నాయి కానీ మొహంలో వెలుగు చూడాలి.

"అమ్మ నెగ్గింది!" అన్నాడు కొడుకు ఒళ్లు విరుచుకుంటూ.

"నేను అన్నానా లేదా? వీధిలో చెప్పండి ఇక. ఏదీ, నా టికెట్టు?"

బుల్లి టికెట్లు వరసగా బల్లమీద పరిచింది. నానమ్మ టికెట్టుకి రెండు చిల్లులు. నాన్నకి రెండు. తనకి నాలుగు, అందులో రెండు సరదాకి కొట్టుకున్నవి. అమ్మ టికెట్టు ఎత్తి పట్టుకుంటే కిటికీ వెలుగు చుక్కలు చుక్కలుగా గోడమీద పడింది. అది టికెట్టులా లేదు, జల్లెడలా ఉంది.

"పదిహేడు," అంది బుల్లి, లెక్కపెట్టి. "అమ్మ పదిహేడుసార్లు ఎక్కింది!"

భర్త నవ్వబోయి, భార్య మొహం చూసి దగ్గుగా మార్చేశాడు. కోడలు ఆ టికెట్టు తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. ఆరున్నర గంటలూ అత్తగారి కాళ్లకి కాపలా కాశాననుకుంది. తన కాళ్లు ఏం చేస్తున్నాయో తనకే తెలీలేదు. రెండేళ్ల కిందటి పాదాల వాపు గుర్తొచ్చింది. నిజంగా వాచాయా? కిందటేటి దగ్గు గుర్తొచ్చింది. బిస్కెట్టు పొడే.

"అత్తయ్యా," అంది. "నాకే భయమండీ. మీకు కాదు."

"ఏమిటట భయం?"

"ఏమిటంటే... ఇక్కడైతే ఏది ఎక్కడుందో తెలుసు. అక్కడ గుంపులో బుల్లి చెయ్యి జారిపోతే? మీకేమైనా అయితే ఎవరింటి తలుపు కొట్టను? గడప దాటితే నాకు ఒక్క దారీ తెలీదు. ఆపేద్దాం అని చెప్పడానికి నోరు రాక..."

"నా మోకాళ్ల మీద పెట్టావు."

"అవునండీ."

"రెండేళ్లు నీ భయాన్ని నా మోకాళ్లతో మోయించావే! అందుకే ఈ నొప్పులు, నేనింకా గాలి మార్పు వల్లనుకున్నా."

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, ఏది ముందు రావాలో తెలీక ఎక్కిళ్లు వచ్చాయి. కండక్టరమ్మ ఆ పిల్లని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"నా డ్యూటీ మొదటి రోజు సంగతి ఎప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. పరువు తక్కువ అని చెప్పలేదు. వీడప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడు, పక్కింటావిడకి అప్పజెప్పి వెళ్లాను. మూడో స్టాపు దాటేసరికి వీడు ఉయ్యాల్లోంచి పడిపోయినట్టు కళ్లకి కట్టింది. నాలుగో స్టాపులో దిగి ఇంటికి పరిగెత్తాను."

"బస్సు?" అన్నాడు కొడుకు.

"బస్సు వెళ్లిపోయింది. ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లాక గానీ కండక్టరు లేదని డ్రైవరు చూసుకోలేదు. ప్యాసింజర్లు చూసుకున్నారు గానీ చెప్పలేదు, టికెట్టు లేని ప్రయాణం ఎవరికి చేదు? వచ్చి చూస్తే వీడు ఇదిగో, ఇప్పట్లాగే గుర్రు పెడుతున్నాడు."

"ఉద్యోగం పోలేదా అత్తయ్యా?"

"పోవాల్సిందే. డిపోలో పెద్దాయన పిలిచి తిట్లేమీ తిట్టలేదు. టికెట్ల డబ్బులు వేసే సంచి నా మెడలో వేసి, 'ఇది మెడలో ఉన్నంతసేపు, చివరి ప్యాసింజరు దిగేదాకా నువ్వు దిగడానికి వీల్లేదు' అన్నాడు. అంతే. మర్నాడూ వీడు ఉయ్యాల్లోంచి పడ్డాడు, ఆ మర్నాడూ పడ్డాడు. భయం ఎక్కడికీ పోలేదే అమ్మాయ్. దిగడానికి వీల్లేకపోయింది, అంతే."

ఆవిడ మళ్లీ ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్లి, అంచులు నలిగిన ఆ తోలుసంచి తెచ్చి, పటకా సరిచేసి కోడలి మెడలో వేసింది.

"గురువారం బస్సులో నువ్వు ప్యాసింజరువి కాదు. మేం ముగ్గురం నీ ప్యాసింజర్లం. అర్థమైందా?"

సాయంత్రం గది ఆసామికి ఫోను కలిపి భర్త, ఏం చెప్పమంటావన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమె సంచి పటకా రెండు చేతులా పట్టుకుని ఉంది.

"వస్తున్నామని చెప్పండి," అంది. తర్వాత గబగబా, "కింది గదే కదా? మళ్లీ ఒకసారి అడగండి," అంది.

గురువారం ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆమె గ్యాస్ మూడుసార్లు చూసింది. సంచి మెడలో వేసుకుని అందర్నీ బస్సెక్కించింది. అత్తగారూ మనవరాలూ కిటికీ వైపు, భర్త వెనక సీట్లో అప్పటికే అరనిద్రలో. బస్సు కదిలి రెండు వీధులు దాటిందో లేదో, కోడలి వీపు సీటుని వదిలేసింది.

"అత్తయ్యా... స్టవ్..."

"సంచిలో చూడు."

"ఏం చూడను?"

"చూడవే ముందు."

తోలుసంచిలో చెయ్యి పెడితే రుమాలు మూట తగిలింది. విప్పింది. లోపల, స్టవ్ వెలిగించేటప్పుడు తిప్పే రెండు నాబులు నల్లగా మెరుస్తున్నాయి.

"నువ్వు మూడోసారి చూసొచ్చాక, నాలుగోసారి నేను వెళ్లాను," అంది అత్తగారు. "ఊరికే చూసి రావడం ఎందుకని వాటిని పీక్కొచ్చా. ఇక అది వెలగాలన్నా మన వెంట సముద్రానికి రావాల్సిందే."

కోడలు ఆ రెండిటినీ గుప్పిట్లో బిగించింది. తర్వాత మెల్లిగా వెనక్కి ఆనుకుంది. బుల్లి ఆమె టికెట్టు చూసింది, వెంట తెచ్చుకున్న పంచ్ చూసింది, నిరాశగా పక్కన పెట్టేసింది.

మార్కెట్టు వచ్చింది, వెళ్లింది. అప్పుడు గమనించింది కోడలు, అత్తగారు కిటికీకి మొహం ఆనించి, పెదాలు కదుపుతోంది. పాల డిపో. కొత్త వంతెన. చెప్పుల షాపు మలుపు. ఒక్కో స్టాపు పేరూ ముందే అనుకుంటోంది, స్టాపు వెనకాలే వస్తోంది. ఇది నాలుగో నంబరు దారి.

ఫ్యాక్టరీ గోడ కనబడింది. బస్సు గేటు ముందు వేగం తగ్గించింది. అంతే, కండక్టరమ్మ కుడిచెయ్యి పైకి లేచి కడ్డీ పట్టుకుంది, ఆ చెయ్యి వెనకాల మనిషంతా లేచి నిలబడింది.

"ఫ్యాక్టరీ గేట్! లాస్ట్ స్టాప్! అందరూ దిగాలి, అందరూ!"

ఆ గొంతు ఎలాంటిదంటే, సగం బస్సు లేచింది. ముందు సీటాయన పైనుంచి పెట్టె దించేశాడు. ఒకావిడ నిద్రపోతున్న పిల్లాణ్ని భుజాన వేసుకుంది. భర్త ఉలిక్కిపడి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు దగ్గరికి నడిచాడు. అసలు కండక్టరు, బొద్దుమీసాల మనిషి, టికెట్ల కట్ట చేతిలో పట్టుకుని నోరు తెరిచాడు.

"అత్తయ్యా," అంది కోడలు, ఆవిడ చెంగు పట్టుకుని.

కండక్టరమ్మ చుట్టూ చూసింది. ఏం చేసిందో అప్పుడు అర్థమైంది కాబోలు, కడ్డీ మీద వేళ్లు బిగుసుకున్నాయి.

"ఇక్కడ బోర్డు తిప్పి బస్సు వెనక్కి మళ్లించేదాన్నే," అంది చిన్నగా. "ఇరవై ఎనిమిదేళ్లలో ఈ గేటు దాటి ఒక్క అడుగు వెళ్లలేదు. ఇక్కణ్నుంచి ముందు స్టాపుల పేర్లు నాకు తెలీవు."

"నాకూ తెలీవు," అంది కోడలు. "కూర్చోండి."

"ఒక్కసారి దిగి, ఆ గేటు దగ్గర కాస్త నిలబడి..."

"కుదరదు అత్తయ్యా. సంచి నా మెడలో ఉంది. చివరి స్టాపు దాకా ఎవర్నీ దింపను."

కండక్టరమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ తర్వాత, డ్యూటీలో పై అధికారి మాట విన్నట్టు విని, కూర్చుంది. కోడలు రుమాల్లోంచి ఒక నాబు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఒకటి తన దగ్గర ఉంచుకుంది. భర్తకి కళ్లతోనే సీటు చూపించింది. పెట్టె దించినాయన సణుగుతూ దాన్ని మళ్లీ పైకెక్కించాడు.

"ఇంతకీ ఈ బస్సుకి కండక్టరు ఎవరమ్మా?" అన్నాడు మీసాలాయన.

బుల్లి అమ్మ వైపు వేలు పెట్టి చూపించింది.

ఇక తప్పదని కోడలు ముందుకి చూసి, తనకే కొత్తగా వినబడిన గొంతుతో కేకేసింది.

"రైట్, రైట్!"

డ్రైవరు ఎవరి గొంతు అని ఆలోచించలేదు. బస్సు ఫ్యాక్టరీ గేటు దాటింది.